బ్రిటానియాలో కొలిమి చల్లారిన కథ

బ్రిటానియాలో కాస్త కలిగిన ప్రతి యోధుడి బ్యాంకు పెట్టెలోనూ ఒక మంత్రఖడ్గం ఉండేది. ఏదో చీకటి గుహలో ఏ రాక్షసుడి శవం మీదో దొరికింది. ఊళ్ళో ఏ కమ్మరీ అంత బలమైన కత్తి చెయ్యలేడు. ఆ సంగతి యోధుడికీ తెలుసు, కమ్మరికీ తెలుసు. అయినా వేటకి బయల్దేరేముందు యోధుడు పెట్టె తెరిచి, దాన్ని ఒకసారి కళ్ళారా చూసుకుని మళ్ళీ మూసేసేవాడు. నడుముకి కట్టుకునేది మాత్రం నిన్న సాయంత్రం కమ్మరి దగ్గర కొన్న మామూలు కటానా. కారణం ఒక్కటే. చస్తే పోతుంది.

ఆ భయం మీద ఒక వృత్తి అయిదేళ్ళకు పైగా బతికింది. 2003 ఫిబ్రవరిలో, 600 బంగారు నాణేల ఖర్చుతో, ఆ భయాన్ని తీసేశారు. కమ్మరిని మంత్రఖడ్గం పడగొట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మంత్రఖడ్గం మొదట్నుంచీ అక్కడే ఉంది, కమ్మరి పక్కనే, పెట్టెలో. అతన్ని పడగొట్టింది అది కాదు.

ఆ లోకం పేరు అల్టిమా ఆన్‌లైన్. 1997 సెప్టెంబర్ 24న తలుపులు తెరిచింది. టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఆరిజిన్ సిస్టమ్స్ అనే సంస్థ దాన్ని కట్టింది. అప్పటికి అయిదేళ్ళుగా ఆ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సొంతం. స్థాపకుల్లో ఒకరైన రిచర్డ్ గారియట్ ఆటలోపల లార్డ్ బ్రిటిష్ పేరుతో ఆ లోకానికి రాజు కూడా. రూపకల్పనకి పెద్ద రాఫ్ కోస్టర్. కుందేళ్ళు గడ్డి తినాలి, తోడేళ్ళు కుందేళ్ళని తినాలి, తోడేళ్ళు కరువైతే డ్రాగన్ ఆకలేసి ఊరి మీదికి రావాలి అని కలగన్న మనిషి ఆయన. లోకంలో ఉన్న ఇనుమూ తోలూ కలపా ఒక లెక్క ప్రకారం చుట్టూ తిరుగుతూ ఉండాలని ఆయన బృందం ఊహ. ఆ లెక్క త్వరలోనే తప్పింది. జనం దొరికిన ప్రతిదీ ఇంట్లో దాచుకోవడంతో తిరగాల్సిన సరుకు తిరగడం మానేసింది. కానీ ఆ పెద్ద కలలో ఒక చిన్న ముక్క మాత్రం నిలబడింది. అదే కమ్మరి.

ఆ రోజుల్లో ఇలాంటి ఆటల్లో నువ్వు యోధుడివో, మాంత్రికుడివో, దొంగవో మొదటి రోజే తేల్చుకోవాలి. ఇక్కడ ఆ పద్ధతి లేదు. ఏ విద్యయినా నేర్చుకోవచ్చు. ఒక్కో విద్యలో గరిష్ఠం 100, అన్నీ కలిపి 700 దాటకూడదు. మిగతా ప్రపంచమంతా డ్రాగన్లని చంపడానికి డబ్బు కట్టి వస్తుంటే, కొందరు అదే డబ్బు కట్టి గునపం పట్టుకుని కొండ తవ్వడానికి వచ్చారు. పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి డయలప్ మోడెమ్ కూత విని, ఒక కల్పిత ఊళ్ళో మళ్ళీ పనిలోకి దిగారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. చేతిలో పనీ, ఊళ్ళో పేరూ, అడిగొచ్చే మనుషులూ ఉండటం ఎంత సుఖమో వాళ్ళకి తెలుసు.

ఉత్తరాన మైనాక్ అనే ఊరుంది. దాని పక్క కొండలు కమ్మరులకి పుట్టిల్లు. గునపంతో కొండని కొడితే ముడి ఇనుము వస్తుంది. సామాన్లు మోసే గుర్రం మీదో లామా మీదో వేసుకుని కొలిమి దాకా నడవాలి. కరిగిస్తే కడ్డీలవుతాయి. విద్య పెరిగేకొద్దీ రంగు లోహాలు చేతికొస్తాయి. డల్ కాపర్, షాడో ఐరన్, రాగి, కంచు, బంగారం, అగపైట్, వెరైట్, చివరికి నీలంగా మెరిసే వాలొరైట్. ఇది తవ్వగలిగే స్థాయికి చేరేసరికి ఎన్ని నెలలు గడిచేవో ఎవరూ పైకి చెప్పుకునేవాళ్ళు కాదు, చెబితే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.

పని నేర్చుకోవడం బాకులతో మొదలు. బాకుకి 3 కడ్డీలు చాలు. వందల బాకులు చేసి, వాటిని మళ్ళీ కరిగించి, మళ్ళీ చేసి. విద్య 0.1 చొప్పున కదులుతుంది, కొన్నిసార్లు గంటసేపు కదలదు. తర్వాత కటానాకి 8 కడ్డీలు, హాల్‌బర్డ్‌కి 20. ఛాతీ కవచానికి 25, కాళ్ళకి 20, చేతులకి 18, శిరస్త్రాణానికి 15, చేతి తొడుగులకి 12, మెడపట్టీకి 10. నిలువెత్తు ఉక్కు కవచం ఒకటి సిద్ధమయ్యేసరికి సరిగ్గా 100 కడ్డీలు. పాత కమ్మరులకి ఈ లెక్క ఎక్కం లాగా నోటికొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతారు.

100.0కి చేరినవాణ్ణి గ్రాండ్‌మాస్టర్ అనేవాళ్ళు. ఆ రోజునుంచి అతని చేతిలో ఉత్తమంగా కుదిరిన ప్రతి వస్తువు మీదా అతని పేరు పడుతుంది. ఆ కత్తి ఎవరి చేతిలోకి వెళ్ళినా, ఎన్ని ఊళ్ళు తిరిగినా, దాని మీద నొక్కి చూసినవాళ్ళకి చేసినవాడి పేరు కనబడుతుంది. పేరు చదివిన మనిషి ఏ ఊరి అవతల ఉన్నా వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆ ఆటలో డ్రాగన్లని చంపినవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ డ్రాగన్ మీదా లేవు.

రాజధాని బ్రిటన్ నగరంలో బ్యాంకు ఎప్పుడూ తిరనాళ్ళలా ఉండేది. దానికి దగ్గర్లోని కమ్మరి కొట్లో పూటకొకరు దాగలి దగ్గర నిలబడి ఉండేవాళ్ళు. ఒకడు కవచం కొనడానికి వస్తాడు. ఒకడు కత్తి బాగుచేయించుకోవడానికి వస్తాడు. ప్రతి ఆయుధానికీ ఒక ఆయుష్షు ఉంది. వాడేకొద్దీ అరుగుతుంది, అరిగి అరిగి విరిగిపోతుంది. మరమ్మతుకి ఇవ్వాలంటే కత్తిని కమ్మరి చేతికి అప్పగించాలి. అప్పగించాక అతను దాంతో మాయమైతే పట్టుకునే పోలీసుల్లేరు. కనక జనం నమ్మకస్తుడి కోసం వెతికేవాళ్ళు. నమ్మకం ఉన్నవాడి ముందు వరస కట్టేవాళ్ళు. కొందరు కమ్మరులు ఈ పనికి పైసా తీసుకునేవాళ్ళు కాదు. మరమ్మతుకి వచ్చినవాడు వట్టి చేతులతో పోడు, మరో కవచం కొంటాడని వాళ్ళ లెక్క. లెక్క ఏదైనా, ఆ కొట్టు ముందు నిలబడి కబుర్లు చెప్పుకోవడమే ఆటగా ఆడినవాళ్ళు ఉన్నారు. ఇళ్ళు కట్టుకున్న కమ్మరులు గుమ్మంలో అమ్మకపు మనిషిని నిలబెట్టి తాము లేనప్పుడు కూడా సరుకు అమ్మించేవాళ్ళు. ఆ మనిషికి రోజుకూలీ బంగారంలోనే.

ఇక మంత్రాయుధాల సంగతి. వాటిలో అయిదు మెట్లు ఉండేవి. రూయిన్, మైట్, ఫోర్స్, పవర్, అన్నిటికీ పైన వాంక్విషింగ్. జనం నోట్లో అది నలిగి ‘వాంక్’ అయింది. దొరికినప్పుడు అది ఏ మెట్టుదో తెలీదు. పరీక్షించే విద్య ఉన్నవాడి దగ్గరికి తీసుకెళితే చెబుతాడు. గ్రాండ్‌మాస్టర్ చేతి కత్తి ఈ నిచ్చెనలో మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. కింద మెట్ల కంటే మెరుగు, పై మెట్ల కంటే తక్కువ. అంటే బలాబలాల లెక్క వేస్తే కమ్మరి మొదటి రోజే ఓడిపోవాలి.

ఓడిపోలేదు, ఎందుకంటే చావు అనేది అక్కడ నిజంగా చావే. మనిషి పడిపోగానే దెయ్యమైపోతాడు. ఏం మాట్లాడినా బతికున్నవాళ్ళకి ‘ఊ ఊఊ’ అనే వినిపిస్తుంది. కవచం, కత్తి, సంచీ, సంచీలోని బంగారం, మూలికలు, అన్నీ శవంతోపాటు నేల మీదే ఉంటాయి. చంపినవాడు తీసుకోవచ్చు, దారినపోయేవాడు తీసుకోవచ్చు. వైద్యుడి దగ్గరికి తేలుకుంటూ వెళ్ళి ప్రాణం పోయించుకున్న మనిషి ఒంటి మీద బూడిదరంగు అంగీ తప్ప ఏమీ ఉండదు. ఊళ్ళో కాపలాభటులు ఉంటారు, పొలిమేర దాటితే ఎవరు ఎవర్నైనా చంపవచ్చు. తలుపులు తెరవకముందు, పరీక్షల (బీటా) రోజుల్లో, 1997 ఆగస్టులో, సాక్షాత్తూ లార్డ్ బ్రిటిష్‌నే ఒక ఆటగాడు నిప్పుమంత్రం విసిరి జనం మధ్యలో చంపేశాడు. ఎప్పుడూ ఉండే అభయం రాజుకి ఆ పూట లేకపోయింది. రాజుకే దిక్కులేని చోట మామూలు మనిషి వాంక్ కటానా పట్టుకుని అడవిలోకి వెళతాడా?

వెళ్ళడు. కమ్మరి కత్తి పట్టుకుని వెళతాడు. అది పోతే మరొకటి. పెట్టెలో అలాంటివి ఇంకో అరడజను ఉంటాయి, ఒకే కమ్మరి పేరుతో. వాటిని చూసి చంపినవాడికి కూడా పెద్ద ఆశ పుట్టదు. కమ్మరి అమ్మింది పదునైన కత్తిని కాదు, పోగొట్టుకోగల కత్తిని. పోయినా ఏడవక్కర్లేని కత్తి చెయ్యడం చిన్న విద్యేమీ కాదు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పుకోవాలి. పాత బ్రిటానియాని తలుచుకునేవాళ్ళు కొలిమి చప్పుడు తలుచుకుంటారు గానీ, ఆ కొలిమికి బొగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పరు. హంతకులనుంచి వచ్చింది. పేరు ఎర్రరంగులోకి మారిన మనుషులు గుంపులు కట్టి నాలుగు దారుల కూడళ్ళలో కాపు కాసేవాళ్ళు. మైనాక్ కొండల్లో గునపం ఊపుతున్న తవ్వకపువాళ్ళు వాళ్ళకి సులువైన ఎర. అయిదారు వందల విద్యాంకాలు తవ్వకానికీ కమ్మరానికీ వాటి చుట్టుపక్కల పనులకీ ధారపోసినవాడికి కత్తి తిప్పడం ఎక్కడ వస్తుంది? గుర్రం నిండా ఖనిజంతో కదలలేక నిలబడ్డ మనిషిని చంపి, ఖనిజం బరువని అక్కడే పారేసి, గుర్రాన్ని కూడా చంపి పోయేవాళ్ళు. ఆ చచ్చిన కమ్మరే మర్నాడు కవచాలు అమ్మేది, ఆ హంతకుల చేతిలో అన్నీ పోగొట్టుకున్న మిగతావాళ్ళకి. ఎర్రపేరు వాళ్ళు కూడా ఎవరో మధ్యవర్తి ద్వారా అదే కమ్మరి దగ్గర సరుకు కొనేవాళ్ళు. అందర్నీ ఏడిపించిన చేతులే ఆ బజారుని నడిపించాయి.

మొదటి వారంలోనే చచ్చి, చంపినవాడి చేత వెటకారం కూడా చేయించుకుని, ఇక చాలని ఆట మానేసినవాళ్ళు లెక్కలేనంతమంది. 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అనే మరో ఆట వచ్చింది. అక్కడ ఎక్కువ సర్వర్లలో సాటి ఆటగాడు నీ శవాన్ని దోచుకోలేడు. గొప్ప వస్తువులు కొన్ని అసలు చేతులే మారవు. సంపాదించినవాడివే. జనం అటు వెళ్ళారు, కొద్దికాలానికే అక్కడి సంఖ్య అల్టిమాని మించిపోయింది. ఆస్టిన్‌లో కూర్చున్నవాళ్ళకి ఇది కనబడకుండా ఉంటుందా? గారియట్ 2000లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ని వదిలి వెళ్ళిపోయారు. కోస్టర్ కూడా అప్పటికి మరో గూటికి చేరారు. ఆ లోకాన్ని కలగన్నవాళ్ళు వెళ్ళిపోయాక దాన్ని నడపాల్సినవాళ్ళు మిగిలారు.

2000 మేలో లోకాన్ని రెండుగా చీల్చారు. ఆ విస్తరణని రినైసన్స్ అన్నారు. అవే కొండలు, అవే ఊళ్ళు, రెండేసి ప్రతులు: ఫెలూకా, ట్రామెల్. ఫెలూకాలో పాత ధర్మమే. ట్రామెల్‌లో ఒప్పుకోనిదే ఎవరూ ఎవర్నీ చంపలేరు, శవం మీది సొమ్ము ముట్టుకోలేరు. జనం ట్రామెల్‌కి మారిపోయారు. ఫెలూకా ఊళ్ళల్లో పగలే దీపాలు పెట్టుకోవాల్సినట్టు అయింది.

కమ్మరి ఆ రోజు భయపడలేదు. ఎందుకు భయపడతాడు? మైనాక్‌లో నిశ్చింతగా తవ్వుకోవచ్చు. గుర్రం చావదు. రాక్షసులు ఇంకా మనుషుల్ని చంపుతూనే ఉన్నారు, కత్తులు ఇంకా అరుగుతూనే ఉన్నాయి, గుహ లోతున పడ్డ శవం దగ్గరికి సమయానికి చేరలేకపోతే సామాను ఇంకా పోతూనే ఉంది. బేరాలు బాగానే ఉన్నాయి. కానీ వాంక్ కటానాలు ఒకటొకటిగా పెట్టెల్లోంచి బయటికి రావడం మొదలైంది. ముందు పట్టపగలు, ఊరికి దగ్గర్లో. తర్వాత గుహల్లోకి. ఎవరో ఒకరు వాంక్‌తో వేటకెళ్ళి వాంక్‌తోనే తిరిగొచ్చారు. అది చూసి ఇంకొకరు.

కమ్మరుల బాగు కోసమని ఆ మధ్య కాలంలోనే మరో ఏర్పాటు వచ్చింది. గుత్త ఆర్డర్లు. కంప్యూటర్ నడిపే దుకాణదారుడి దగ్గరికి వెళితే ఒక చీటీ ఇస్తాడు. ఫలానా వస్తువులు 10, లేదా 15, లేదా 20, ఫలానా లోహంలో, ఉత్తమ రకం. చేసి పట్టుకెళితే బంగారం, అదృష్టం బాగుంటే ఒక రూనిక్ సుత్తి. పెద్ద చీటీల్లో నిలువెత్తు కవచంలోని ఆరు ముక్కలూ 20 చొప్పున, వాలొరైట్‌లో అడిగేవి ఉండేవి. లెక్క వేసుకోండి, చెడిపోయినవి పోగా నికరంగా 2,000 వాలొరైట్ కడ్డీలు. చేసిన కవచాలు ఏమవుతాయి? చీటీలో కలిసి మాయమవుతాయి. ఎవరూ తొడుక్కోరు, ఎవరూ పేరు చదవరు. మంచి మనసుతో పెట్టిన ఏర్పాటే, కమ్మరులు ఎగబడ్డారు కూడా. నాకు మాత్రం పతనం మొదలైంది ఇక్కడే అనిపిస్తుంది. కమ్మరి మొదటిసారి మనిషి వైపు కాక చీటీ వైపు చూస్తూ సుత్తి ఎత్తింది ఈ ఆర్డర్ల కోసమే.

2003 ఫిబ్రవరి 11న ఏజ్ ఆఫ్ షాడోస్ అనే విస్తరణ వచ్చింది. మాలాస్ అనే కొత్త భూమి, నెక్రోమాన్సర్లు, పాలడిన్లు, సొంత ఇష్టప్రకారం కట్టుకునే ఇళ్ళు. జనం పండగ చేసుకున్నారు. ఆ పండగలోనే రెండు మార్పులు కలిసొచ్చాయి.

ఒకటి, వస్తువుల స్వభావం మారింది. అంతకుముందు కత్తి అంటే కత్తి. మంచిదో, మరీ మంచిదో. ఇప్పుడు ప్రతి వస్తువుకీ గుణాల జాబితా. దెబ్బ తగిలే అవకాశం ఇంత శాతం ఎక్కువ, గాయం ఇంత శాతం ఎక్కువ, మంత్రం ఇంత త్వరగా, మూలికలు ఇంత తక్కువ, అదృష్టం ఇంత. కవచానికి అయిదు రకాల నిరోధం: దెబ్బ, నిప్పు, చలి, విషం, శక్తి. ఒక్కోటీ 70 దాకా పెంచుకోవాలి. యోధులు లెక్కల పుస్తకాలు పట్టారు. ఈ గుణాల్లో ఒకటుంది, చూస్తే కమ్మరి కడుపు మీద కొట్టడానికే పెట్టారా అనిపిస్తుంది. సెల్ఫ్ రిపేర్. వస్తువు తనని తానే బాగుచేసుకుంటుంది.

రెండోది బీమా. వస్తువు మీద నొక్కి బీమా చేశానంటే చాలు. చచ్చినా అది శవం మీద మిగలదు, నీతోనే లేస్తుంది. చావుకి ఒక్కో వస్తువుకీ 600 బంగారు నాణేలు. కావాలంటే బ్యాంకులోంచి దానంతటదే కట్టుకుపోతుంది, నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఈ రెంటిలో ఏదో ఒకటే వచ్చి ఉంటే కమ్మరి ఎలాగోలా బతికేవాడు. బీమా లేకుండా గుణాలు మాత్రమే వస్తే గొప్ప వస్తువులు మళ్ళీ పెట్టెల్లోకి వెళ్ళేవి. గుణాలు లేకుండా బీమా మాత్రమే వస్తే వాంక్‌కీ కమ్మరి కత్తికీ ఉన్న పాత తేడాయే ఉండేది, పెద్ద అగాధం కాదు. రెండూ ఒకే రోజు వచ్చాయి. దొరికే వస్తువు ఆకాశానికి ఎక్కింది, అదే రోజు దాన్ని పోగొట్టుకునే భయం నేలమట్టమైంది.

మాలాస్‌లో డూమ్ అనే గుహ ఉంది. వరసగా గదులు, చివరి గదిలో డార్క్ ఫాదర్. అక్కడ చంపుతూ కూర్చుంటే ఎప్పుడో ఒకసారి పేరున్న అపురూప వస్తువు చేతికొస్తుంది. ఆర్నమెంట్ ఆఫ్ ది మెజీషియన్, ఆర్కేన్ షీల్డ్, హోలీ నైట్స్ బ్రెస్ట్‌ప్లేట్. ఇవి ఎవరి చేతి పనీ కాదు. వీటి మీద ఏ కమ్మరి పేరూ లేదు. పాత ధర్మంలో అయితే వీటిని ఇంట్లో తాళం వేసి అతిథులకి చూపించేవాళ్ళు. ఇప్పుడు తొడుక్కుని డ్రాగన్ నోటి ముందుకి నడిచారు. చచ్చారు. 600 కట్టారు. లేచి మళ్ళీ నడిచారు.

కర్ణుడి సహజకవచం గురించి మనకి తెలుసు. ఒంటితో పుట్టింది, ఇంద్రుడు అడుక్కుంటే తప్ప ఊడలేదు. ఆ కవచం ఉన్నన్నాళ్ళూ కర్ణుడు ఏ కమ్మరి గడప తొక్కాడో ఏ భారతంలోనూ లేదు. బ్రిటానియాలో ఆ ఫిబ్రవరి తర్వాత అందరూ కర్ణులే అయ్యారు.

కమ్మరి వెంటనే పస్తులుండలేదు, అది ఒప్పుకోవాలి. నిరోధాలు కూడబెట్టుకోవాల్సిన కొత్తవాళ్ళకి రంగు లోహపు కవచం అవసరమయ్యేది. మొదట్లో అందుకోసం బాగానే వచ్చారు. కానీ వచ్చినవాడు ఒకేసారి వచ్చాడు. కొన్నాడు, బీమా చేశాడు, వెళ్ళాడు. పాత రోజుల్లో ఒకే మనిషి నెలలో ఎన్నిసార్లు చచ్చేవాడో అన్నిసార్లు వచ్చేవాడు. అమ్మకపు మనుషుల కూలీ కూడా గిట్టక ఇళ్ళ గుమ్మాలు ఖాళీ అయ్యాయి.

గుత్త ఆర్డర్ల చీటీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాటికిచ్చే బహుమతుల్లో ఒక పొడి ఉండేది. మొదట్లో దాని పేరు పౌడర్ ఆఫ్ టెంపరమెంట్. అరుగుతున్న వస్తువు మీద చల్లితే దాని ఆయుష్షు పెరుగుతుంది. యోధులకి ఆ పొడి కావాలి, డూమ్‌లో దొరికిన ఆ అపురూప వస్తువులు ఎప్పటికీ విరగకుండా ఉండటానికి. కమ్మరి దగ్గర ఎక్కువ ధర పలికే సరుకుల్లో అదీ చేరింది. అంటే, ఎవరూ తొడుక్కోని కవచాలు ఇరవయ్యేసి చేసి, కంప్యూటర్ దుకాణదారుడికి అర్పించి, దానికి బదులుగా తన కవచాలు ఇక ఎవరికీ అక్కర్లేకుండా చేసే పొడి తెచ్చి అమ్ముకుని బతికాడు. కావాలని ఎవరైనా ఇంత క్రూరంగా ఒక కథ అల్లగలరా? ఎవరూ అల్లలేదు. ఒక్కో చిన్న సౌకర్యం ఒక్కోసారి చేర్చుకుంటూ పోతే ఇలా కుదిరింది.

మిగిలింది రూనిక్ సుత్తి. దాంతో కొడితే కమ్మరి చేసిన వస్తువుకి కూడా మంత్రగుణాలు వస్తాయి. ఏ గుణాలో అతని చేతిలో లేదు, పాచికలు పడ్డట్టు పడతాయి. వాలొరైట్ రూనిక్ సుత్తికి 15 దెబ్బలే ఆయుష్షు. నెలల తరబడి తవ్వి, చీటీలు పోగేసి సంపాదించిన సుత్తితో ఊపిరి బిగబట్టి పదిహేను సార్లు కొడతాడు. పద్నాలుగు చెత్తకి పోతాయి. ఒకటి కుదిరితే ఊరంతా వేలం. ఆ రాత్రి అతను గొప్పవాడు. అయితే కుదిరింది అతని విద్య వల్ల కాదని అతనికీ తెలుసు, కొన్నవాడికీ తెలుసు. దుకాణదారుడిగా మొదలైనవాడు జూదరిగా మిగిలాడు. జూదంలో కొందరు బాగా గెలిచారనుకోండి. నేను దాన్ని కమ్మరం అనను.

ఆ ఏడాదే అల్టిమా ఆన్‌లైన్ చందాదారులు దాదాపు 2,50,000కి చేరారు. ఆ ఆట చరిత్రలో అదే శిఖరం. కాబట్టి నిర్వాహకులు తప్పు చేశారని వాదించడం కష్టం. జనం అడిగారు, ఇచ్చారు, జనం సంతోషించారు. భయంలేని లోకం కావాలని అడగని ఆటగాడు ఎవరు? కమ్మరులు కూడా అడిగారు. మైనాక్ దారిలో చచ్చిపడ్డ ప్రతిసారీ అడిగారు.

ఆస్టిన్‌లోని ఆరిజిన్ సంస్థని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2004లో మూసేసింది. ఆ ఏడాది నవంబర్‌లోనే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట వచ్చింది. అక్కడ గొప్ప వస్తువు ముట్టుకోగానే ఒంటికి అతుక్కుంటుంది. చస్తే మరమ్మతు ఖర్చు తప్ప పోయేదేమీ లేదు, ఆ మరమ్మతు కూడా కంప్యూటర్ దుకాణదారుడే చేస్తాడు. కోట్లమంది ఆటగాళ్ళ తరం ఒకటి అదే ధర్మంతో పెరిగింది. దాగలి దగ్గర మనిషి నిలబడి ఉండేవాడని వాళ్ళకి చెబితే వింతగా చూస్తారు.

కోస్టర్ మరో ప్రయత్నం చేశారు. ఏజ్ ఆఫ్ షాడోస్ వచ్చిన నాలుగు నెలలకే, 2003 జూన్ 26న, ఆయన నాయకత్వంలో రూపుదిద్దుకున్న స్టార్ వార్స్ గెలాక్సీస్ మొదలైంది. అక్కడ కత్తుల బదులు తుపాకులు, గుహల బదులు గ్రహాలు. వాడే సామాను దాదాపుగా అంతా ఆటగాళ్ళ చేతి పనే, అదీ అరిగిపోతుంది, మళ్ళీ కొనాలి. ఆయుధాలు చేసేవాడు వేరు, కవచాలు చేసేవాడు వేరు. ఖనిజం నాణ్యతని బట్టి కవచం నాణ్యత మారేది. మంచి లోహం ఏ వారం పుట్టిందో ఆ చేతిపనివాళ్ళకి జ్ఞాపకం ఉండేది. ఒక రకంగా అది మైనాక్‌కి స్వర్గారోహణం. రెండేళ్ళే. 2005 నవంబర్‌లో ముప్పైకి పైగా ఉన్న వృత్తులని తొమ్మిదికి కుదించారు. చేతిపనివాళ్ళందర్నీ కలిపి ఒకే పేరు పెట్టారు, ట్రేడర్ అని. చేయించుకున్న సామాను కంటే దొరికిన సామానుకి విలువ అక్కడా పెరిగింది. 2011 డిసెంబర్ 15న ఆ గెలాక్సీ దీపాలు ఆర్పేశారు.

బ్రిటానియా మాత్రం ఆరలేదు. ఇంకా నడుస్తూనే ఉంది. 2009లో స్టిజియన్ అబిస్ అనే విస్తరణతో ఇంబ్యూయింగ్ విద్య వచ్చింది. దొరికిన మంత్ర వస్తువుల్ని విడగొట్టి, వాటి సారంతో కావలసిన గుణాన్ని కావలసిన వస్తువులోకి ఎక్కించవచ్చు. పాచికలు కాదు, లెక్క ప్రకారం. చేతిపనికి మళ్ళీ విలువ వచ్చింది. ఆ విలువలో ఎక్కువ భాగం గుణం ఎక్కించేవాడిది. కింద ఉక్కు వంచినవాడికి కూలీ దక్కింది.

పాత ధర్మం చాలావరకు మిగిలిన చోటు ఒకటుంది. 1999లో మొదలైన సీజ్ పెరిలస్ అనే సర్వర్. అక్కడ ట్రామెల్ లేదు, బీమా లేదు. ఒక ఖాతాకి ఒకే మనిషి. ఇంకో సర్వర్‌లో లాగా పొద్దున యోధుడిగానూ సాయంత్రం కమ్మరిగానూ ఉండటం కుదరదు, కమ్మరివైతే కమ్మరివే. గుణాల జాబితాలు అక్కడికీ వచ్చాయి, కానీ చస్తే శవం మీద అన్నీ అలాగే పడుంటాయి. జనం తక్కువ, ఉన్నవాళ్ళకి ఒకరి సంగతి ఒకరికి తెలుసు. నిర్వాహకులు వాళ్ళకి ఇచ్చిన మినహాయింపు ఒకటుంది. ఒక్కొక్కరు తమకి నచ్చిన ఒకే ఒక్క వస్తువుకి దీవెన పెట్టించుకోవచ్చు, అది చచ్చినా పోదు. మిగతావన్నీ మళ్ళీ చేయించుకోవాల్సిందే.